డబ్బా మూత తీసే ముందు

"మెటబాలిజం పెంచుకోవడం ఎలా" అనే సలహాలు ఎక్కువగా తలకిందులుగా నడుస్తాయి. ఏ పొడి వాడాలో ముందు చెబుతారు, ఏం తినాలో తర్వాత చెబుతారు. ఇప్పుడు ఎంత తింటున్నారు, ఎంత కసరత్తు చేస్తున్నారు అన్నది మాత్రం అడగరు. నా వాదన ఈ వరుస మీదే. శక్తి లెక్క ముందు సరిపోవాలి. ఆ తిండిని కడుపు, పేగులు మోయగలగాలి. ఆ రెండూ కుదిరాకే సప్లిమెంట్ ఊసు. వరుస తప్పితే నిజంగా పనిచేసే సప్లిమెంట్ కూడా వృథా అవుతుంది, చాలాసార్లు అదే కొత్త తంటా తెచ్చిపెడుతుంది.

మెటబాలిజం అంటే ఏమిటో అంకెల్లో చూస్తే సగం భ్రమలు పోతాయి. రోజు మొత్తం ఖర్చులో చాలామందికి 60 నుంచి 70 శాతం ఊరికే బతికి ఉండటానికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో 10 శాతం దాకా పోతుంది. మిగిలింది కదలికలది. విశ్రాంతి ఖర్చు అంచనాకు 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం చాలు: కిలోల్లో బరువు × 10, సెంటీమీటర్లలో ఎత్తు × 6.25, ఈ రెండూ కలిపి, వయసు × 5 తీసేసి, మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. 70 కిలోలు, 175 సెంటీమీటర్లు, 30 ఏళ్ల మగవాడికి ఇది సుమారు 1,650 కేలరీలు. పది శాతం అటూ ఇటూ తేడా మామూలే, కాబట్టి దీన్ని ఆరంభపు అంకెగానే చూడాలి.

కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుందన్న మాట జిమ్‌లలో తరచూ వినిపిస్తుంది. విశ్రాంతిలో ఒక కిలో కండ రోజుకు ఖర్చు చేసేది దాదాపు 13 కేలరీలు, కిలో కొవ్వు ఖర్చు చేసేది నాలుగున్నర. మూడు కిలోల కండ కట్టడానికి ఏడాది కష్టపడితే విశ్రాంతి ఖర్చు ఓ 40 కేలరీలు పెరుగుతుంది. కండ కట్టడానికి వేరే మంచి కారణాలు బోలెడు ఉన్నాయి, ఇది మాత్రం కారణం కాదు. ముప్పై దాటగానే మెటబాలిజం పడిపోతుందన్నదీ అంతే. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కొవ్వు తీసేసిన శరీర బరువుకు సరిచూస్తే, 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు నిలకడగానే ఉంది. ముప్పైల్లో తగ్గేది చాలావరకు నడక, కండ, నిద్ర.

ఇక కొవ్వు కరిగించే మాత్రలు. వాటిలో పనిచేసేది సాధారణంగా కెఫీన్ ఒక్కటే. 100 మిల్లీగ్రాములు వేసుకుంటే రెండు మూడు గంటలపాటు విశ్రాంతి ఖర్చు 3, 4 శాతం లేస్తుంది, అంటే చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కేలరీలు. గాఢమైన గ్రీన్ టీ సారంలో ఉండే ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయపు ఎంజైములు పెరగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మెటబాలిజాన్ని నిజంగా, గట్టిగా పెంచే పదార్థం ఒకటుంది: డైనైట్రోఫినాల్, డీఎన్‌పీ. 1930లలో బరువు తగ్గడానికి వాడారు. ఒంటి వేడిని అదుపు తప్పించి మనుషుల్ని చంపుతుంది కాబట్టి మనుషులకు వాడకూడదన్నారు. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొంగచాటుగా అమ్ముతున్నారు, ఇప్పటికీ ప్రాణాలు పోతున్నాయి. తిండి వైపు నుంచి చేయగలిగింది ఒక్కటే, అదీ చిన్నదే. ప్రోటీన్ అరగడానికి దానిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది, పిండి పదార్థాలకు 5 నుంచి 10 శాతం, కొవ్వుకు 0 నుంచి 3 శాతం.

పెంచడం ఇంత కష్టం గానీ, తగ్గించడం చాలా తేలిక. తిండి తగ్గించి శిక్షణ పెంచితే చాలు. జీతం తగ్గిన ఇల్లు ఖర్చులు కత్తిరించుకున్నట్టు శరీరం ఒక్కో పనికీ కోత పెడుతుంది: థైరాయిడ్ హార్మోన్ టీ3, సెక్స్ హార్మోన్లు, ఎముక మరమ్మతు, ఒంటి వేడి, ఊరికే అటూ ఇటూ తిరిగే హుషారు. 1944-45లో అమెరికాలోని మినెసోటాలో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం ఆకలి తిండి పెట్టారు. వాళ్ల విశ్రాంతి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. అందులో కొంత ఒళ్లు తగ్గినందువల్ల, మిగతాది శరీరం చేసుకున్న పొదుపు.

క్రీడాకారుల్లో దీన్ని కొలవడానికి ఒక లెక్క ఉంది, దీన్ని వేసుకోకుండా ఏ డబ్బా కొన్నా అనవసరమే. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేయాలి, వచ్చినదాన్ని కొవ్వు లేని శరీర బరువుతో భాగించాలి. కిలోకు 45 దగ్గర ఉంటే అన్ని పనులకూ సరిపోతుంది. 30 కంటే తక్కువలో వారాల తరబడి ఉంటే ప్రమాదం, అయితే ఆ 30 గీత అందరికీ ఒకే చోట ఉండదు. ఉదాహరణకు 60 కిలోల బరువు, 22 శాతం కొవ్వు ఉన్న అమ్మాయికి కొవ్వు లేని బరువు సుమారు 47 కిలోలు. రోజుకు 2,000 తిని 700 కసరత్తులో ఖర్చు చేస్తే మిగిలేది 1,300, కిలోకు 28 కూడా లేదు. 2,000 కేలరీలంటే ఎవరికైనా సరిపడా తిండిలాగే కనిపిస్తుంది. ఆ శిక్షణతో 45 దగ్గరికి రావాలంటే ఆమెకు 2,800 కావాలి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి కొరత) అని పేరు పెట్టింది. నెలసరి ఆగిపోవడం, మగవాళ్లలో కోరిక తగ్గడం, ఎముకల్లో సన్నటి పగుళ్లు, మాటిమాటికీ జలుబు, ఎప్పుడూ చలి, ఎంత శిక్షణ ఇచ్చినా ముందుకు కదలని టైమింగులు దీని గుర్తులు. బరువు నిలకడగా ఉంది కదా, తక్కువ తినడం లేదనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఖర్చే కిందికి దిగి తిండితో సమానమైంది కాబట్టి బరువు నిలకడగా ఉండవచ్చు.

జీర్ణం సంగతి ఇక్కడే మొదలవుతుంది. కోత పెట్టే పనుల జాబితాలో పేగుల కదలిక కూడా ఉంది. తిండి చాలనప్పుడు కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది, మలబద్ధకం వస్తుంది, సాయంత్రానికి పొట్ట ఉబ్బుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? తనకు తిండి ఎక్కువైందనుకుంటాడు. పాలు మానేస్తాడు, గోధుమ మానేస్తాడు, పీచు పెంచుతాడు, ఎంజైము మాత్రలు, ప్రోబయోటిక్‌లు మొదలుపెడతాడు. ప్రతి అడుగులోనూ తిండి ఇంకాస్త తగ్గుతుంది, పేగులు ఇంకాస్త మందగిస్తాయి. ఇలాంటి కడుపుకి మందు రోజుకు 300 నుంచి 500 కేలరీలు అదనంగా తినడం. అదీ పరిమాణం తక్కువ, శక్తి ఎక్కువ ఉన్న తిండి: నూనె, గింజలు, ఎండు పళ్లు, చిక్కటి పాలు, పళ్ల రసం. తొలి రెండు వారాలు ఉబ్బరం ఇంకా పెరిగినట్టే అనిపించవచ్చు. అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు.

శక్తి సరిపోతున్నా కడుపు ఇబ్బంది పెడుతుంటే, అప్పుడు వేళ చూడాలి. గట్టిగా పరిగెత్తేటప్పుడు జీర్ణవ్యవస్థకు వెళ్లే రక్తం 80 శాతం దాకా తగ్గగలదు. ఆ సమయంలో కడుపులో కొవ్వు, పీచు, పెద్ద ముద్ద ప్రోటీన్ ఉంటే అవి అక్కడే కూర్చుంటాయి. వాడుకలో ఉన్న కొలత సులువైనది: వ్యాయామానికి ఎన్ని గంటల ముందు తింటే కిలో బరువుకు అన్ని గ్రాముల పిండి పదార్థం, నాలుగు గంటలు హద్దు. 60 కిలోల మనిషి మూడు గంటల ముందైతే 180 గ్రాముల దాకా తినొచ్చు, గంట ముందైతే 60 గ్రాములు, అదీ పీచూ కొవ్వూ లేనిది. పరుగుకు ముందు నొప్పి మాత్ర, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, వేసుకునే అలవాటు ఉంటే దాన్ని ఈరోజే మానాలి. కసరత్తుతో ఒత్తిడిలో ఉన్న పేగు గోడను అది ఇంకా దెబ్బతీస్తుంది.

వ్యాయామం మధ్యలో తినడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేగులకు కూడా శిక్షణ ఇవ్వొచ్చన్నది తెలిసిన కోచ్‌లు కూడా అమలు చేయరు. గంటలోపు పనికి ఏమీ అవసరం లేదు. గంట నుంచి రెండున్నర గంటల దాకా, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం. అంతకు మించి సాగే పోటీలకు 90 దాకా. ఈ 60 ఎక్కడిదంటే, చిన్నపేగు గోడలో గ్లూకోజును లోపలికి మోసే ఎస్‌జీఎల్‌టీ1 అనే రవాణా ప్రోటీన్ గంటకు దాదాపు అంతే మోయగలదు. ఫ్రక్టోజుకు వేరే దారి ఉంది, దాని పేరు గ్లూట్5. అందుకే 90 కావాలంటే 60 గ్లూకోజు, 30 ఫ్రక్టోజు, రెండింటికీ ఒకటి అన్న నిష్పత్తిలో కలపాలి. మొత్తం గ్లూకోజే 90 పోస్తే 30 గ్రాములు పేగులో మిగిలిపోయి నీటిని లాక్కుంటాయి. పోటీలో మరుగుదొడ్డి వెతుక్కోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండో తప్పు గాఢతది. వంద మిల్లీలీటర్లకు 6 నుంచి 8 గ్రాములున్న పానీయం కడుపులోంచి సులువుగా దిగుతుంది, అంటే అర లీటరుకు 30, 40 గ్రాములు. జెల్, అంటే చిక్కటి చక్కెర గుజ్జు, తిని దాని మీద స్పోర్ట్స్ డ్రింకే తాగితే కడుపులో గాఢత రెట్టింపవుతుంది. జెల్ మీద మామూలు నీళ్లే తాగాలి.

శిక్షణ ఇలా ఇవ్వాలి. పోటీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, వారంలో ఒకటి రెండు పొడవాటి సెషన్లలో, గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టాలి. 15, 20 నిమిషాలకు ఒకసారి కొంచెం కొంచెంగా, మొదటి అరగంటలోనే మొదలుపెట్టాలి. ఆకలేసే దాకా ఆగితే అప్పటికి రక్తం కాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది. రెండు సెషన్లు సాఫీగా సాగితే గంటకు 10 నుంచి 15 గ్రాములు పెంచాలి. కడుపు మెలిపెట్టే నొప్పి, వికారం వస్తే ఒక మెట్టు దిగి, మరో వారం అక్కడే ఉండాలి. రోజువారీ తిండిలో పిండి పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ అలవాటు త్వరగా పడుతుంది. పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటో పథ్యం తింటూ పోటీ రోజు జెల్లులు మింగేవాళ్లకు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీళ్లు తాగడమూ ఇందులో భాగమే. సెషన్‌కు ముందూ తర్వాతా బట్టలు లేకుండా బరువు చూసుకుంటే, తాగిన నీళ్లు కలిపి, తగ్గిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు చెమట. బరువు పెరిగితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోయేది ఎక్కువగా అలా అతిగా తాగినప్పుడే.

వ్యాయామంతో సంబంధం లేకుండా కడుపు ఇబ్బంది పెడితే, వేళే ఆధారం ఇస్తుంది. తిన్న అరగంటలో త్రేన్పులు, మంట వస్తే కొవ్వు, పరిమాణం, కాఫీ అనుమానితులు. రెండు నుంచి ఆరు గంటల తర్వాత గ్యాస్, ఉబ్బరం వస్తే పెద్దపేగులో పులిసేవి: పాలలోని చక్కెర లాక్టోజు, ఉల్లి వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు, పప్పుల్లోని కొన్ని చక్కెరలు, చక్కెరకు బదులు తీపికి వాడే చక్కెర ఆల్కహాళ్లు. "నాకు ప్రోటీన్ పొడి పడదు" అనేవాళ్లు డబ్బా వెనక అక్షరాలు చదవాలి. సార్బిటాల్, మాల్టిటాల్, ఇనులిన్, గ్వార్ గమ్ లాంటి పులిసే తీపి, పీచు పదార్థాలు కనిపిస్తే ప్రోటీన్‌ను తిట్టి లాభం లేదు. పాల నుంచి తీసే వే ప్రోటీన్ పొడుల్లో కాన్సెంట్రేట్‌ రకంలో లాక్టోజు ఉంటుంది, ఐసొలేట్‌లో చాలా తక్కువ. లాక్టోజు సరిగా అరగనివాళ్లలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాములు, అంటే ఒక కప్పు పాలు, తట్టుకుంటారు. ఒక వారంలో ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు కలిపి చేసి బాగుపడితే ఏది పనిచేసిందో తెలియక మూడింటినీ జీవితాంతం మోస్తారు. ఇలా పేగులో పులిసే పదార్థాలను (ఫాడ్‌మ్యాప్) తగ్గించే పథ్యం రెండు నుంచి ఆరు వారాలకే ఉద్దేశించింది, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చాలి. తిరిగి చేర్చని పథ్యం పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల తిండిని కూడా కోస్తుంది. గోధుమ మానాలనుకుంటే దానికి ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష చేయించుకోవాలి, మానేశాక చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఈ ప్రయోగాలేవీ వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

పీచు మంచిదే, వెయ్యి కేలరీలకు 14 గ్రాములు లక్ష్యం. పెంచేటప్పుడు వారానికి 5 గ్రాములకు మించకూడదు, నీళ్లు కూడా పెరగాలి. పోటీకి ముందు ఒకటి రెండు రోజులు మాత్రం తగ్గించాలి. లాక్టేజ్ మాత్ర లాక్టోజుకు పనిచేస్తుంది. మిగతా "జీర్ణ ఎంజైము" మిశ్రమాలు క్లోమగ్రంథి సరిగా పనిచేసే మనిషికి పెద్దగా చేసేదేమీ లేదు.

ప్రోటీన్ విషయంలో వివాదాలు చాలావరకు తీరిపోయాయి. కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాములు బలం పెంచుకునేవాళ్లకు సరిపోతుంది, బరువు తగ్గే దశలో 2.2 దాకా. పూటకు కిలోకు కనీసం 0.4 చొప్పున నాలుగు పూటలు. గుడ్డుకు 6 గ్రాములు, పావు లీటరు పాలకు 8, వండిన కోడి మాంసం వంద గ్రాములకు 30, వండిన పప్పు వంద గ్రాములకు 9. లెక్క సరిపోతే పొడి అక్కర్లేదు, సరిపోకపోతే అది సౌకర్యమైన తిండి, అంతే. బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల డబ్బాలు వృథా. కండ కట్టడానికి తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ కావాలి, అందులో మూడే ఇచ్చి మిగతా ఆరు ఎక్కడినుంచి వస్తాయి?

ఇప్పుడు డబ్బాల దగ్గరికి. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు, పోటీ సామర్థ్యాన్ని నేరుగా పెంచుతాయని తగిన ఆధారం ఉన్నవాటిగా ఐదింటినే పేర్కొన్నారు: కెఫీన్, క్రియాటిన్, నైట్రేట్, బీటా అలనైన్, సోడియం బైకార్బొనేట్. దుకాణం అరల్లో ఉన్న వేల పేర్లలో ఐదు. ఐదూ అందరికీ కాదు.

క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళైనా. నాలుగు వారాల్లో కండ నిండుతుంది. తొందరైతే 5 గ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు, 5 నుంచి 7 రోజులు. ఒకేసారి 10 గ్రాములు పోసుకుంటే విరేచనాలు పట్టుకోవచ్చు. ఒకటి రెండు కిలోల బరువు పెరుగుతుంది, అది ఎక్కువగా కండలోని నీరు. బరువు తరగతుల్లో పోటీపడేవాళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. ఖరీదైన ఇతర రూపాలు దీనికంటే మెరుగని చూపిన ఆధారం లేదు.

కెఫీన్ కిలోకు 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి, గంట ముందు. 6 దాటితే లాభం పెరగదు, చేతుల వణుకు, కడుపు కదలడం, నిద్ర పాడవడం పెరుగుతాయి. సగం కరగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. సాయంత్రం సెషన్‌కు కెఫీన్ వేసుకుని నిద్ర పోగొట్టుకుంటే నికరంగా నష్టమే.

ఒకటి నుంచి పది నిమిషాల తీవ్రమైన పోటీలకు బైకార్బొనేట్ బాగా పనిచేస్తుంది, కడుపును బాగా పాడుచేసేదీ అదే. కిలోకు 0.2 నుంచి 0.3 గ్రాములు. 70 కిలోల మనిషికి 21 గ్రాముల దాకా, అందులో సోడియమే ఐదున్నర గ్రాములకు పైన. రక్తపోటు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. ఒక్క గుక్కలో మింగితే కడుపులోని ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పొంగి వాంతి అవుతుంది. పిండి పదార్థం ఉన్న చిన్న భోజనంతో, గంటన్నర వ్యవధిలో నాలుగైదు విడతలుగా, ముందు శిక్షణలోనే పరీక్షించి వాడాలి. బీటా అలనైన్ రోజుకు 3.2 నుంచి 6.4 గ్రాములు, కనీసం నాలుగు వారాలు. ముఖం మీద చీమలు పాకినట్టు అనిపిస్తే కంగారు పడక మోతాదును చిన్న భాగాలు చేసుకోవాలి. బీట్‌రూట్ నైట్రేట్ పోటీకి రెండు మూడు గంటల ముందు సుమారు 400 మిల్లీగ్రాములు. నైట్రేట్‌ను మార్చేది నోటిలోని బ్యాక్టీరియా, కాబట్టి ఆ రోజు క్రిములను చంపే మౌత్‌వాష్ పుక్కిలిస్తే ఫలితం దాదాపు పోతుంది. బాగా రాటుదేలినవాళ్లకు దీని లాభం తక్కువ.

ఐరన్, విటమిన్ డి వేరే లెక్క. లోపం ఉంటే తప్ప అవి పోటీకి పనికిరావు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చూడకుండా ఐరన్ మింగకూడదు. అది మలబద్ధకం తెస్తుంది, కొందరిలో ఒంట్లో ఇనుము ప్రమాదకరంగా పేరుకుంటుంది. అవసరమని తేలితే రోజు విడిచి రోజు తీసుకోవడం చాలామందికి తేలిక, పేగులు పీల్చుకునే వాటా కూడా పెరుగుతుంది. వ్యాయామం అయిన మూడు నుంచి ఆరు గంటల్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్‌కు తలుపు మూస్తుంది, కాబట్టి ఉదయం సెషన్‌కు ముందో, ముగిసిన వెంటనేనో వేసుకోవాలి. కాఫీ, టీ, కాల్షియంతో కలపకూడదు. విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములు, దానికి తోడు విటమిన్ ఇ, రోజూ వేసుకోవడం శిక్షణ వల్ల కండలో రావాల్సిన కొన్ని మార్పులను మొద్దుబారుస్తుంది. పళ్లూ కూరగాయలూ తింటే ఈ ఇబ్బంది రాదు.

డోపింగ్ పరీక్షలకు వెళ్లే క్రీడాకారుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. జర్మనీలోని కొలోన్ డోపింగ్ పరీక్షా ప్రయోగశాల 13 దేశాల నుంచి తెచ్చిన 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే 94 డబ్బాల్లో, అంటే దాదాపు 15 శాతంలో, పైన రాయని హార్మోన్ పదార్థాలు దొరికాయి. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ప్రపంచ డోపింగ్ వ్యతిరేక సంస్థ (వాడా) నిబంధనల్లో తెలియక తిన్నానన్న మాట ఉల్లంఘనను తుడిచిపెట్టదు. ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి బయటి పరీక్షా సంస్థల ముద్ర ఉన్నవే కొనాలి. ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్ అయితే డబ్బా మీది బ్యాచ్ నంబరు వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసి, ఆ డబ్బా ఫొటో తీసి దాచుకోవాలి.

రక్త పరీక్షకు వెళ్లేటప్పుడు వాడుతున్నవన్నీ డాక్టరుకు చెప్పాలి. క్రియాటిన్ వాడేవాళ్లలో, గట్టి కసరత్తు చేసేవాళ్లలో కిడ్నీ పనితీరుకు గుర్తుగా చూసే క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించి కిడ్నీ పాడైందన్న భయం పుట్టించవచ్చు. కిడ్నీని మరో దారిలో చూసే సిస్టాటిన్ సి పరీక్ష ఆ అనుమానం తీరుస్తుంది. జుట్టు కోసం వేసుకునే పెద్ద మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది, లేని హైపర్‌థైరాయిడ్‌ను చూపించగలదు, కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు దానికీ ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి.